చవకగా వచ్చిన ఆడపాము ఎటు చూస్తోందో చూడండి

తరచూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. "ఆంటీ, బాల్ పైథాన్స్ బ్రీడింగ్ స్టార్ట్ చేద్దామనుకుంటున్నాం. ఫీమేల్స్ చీప్‌గా ఎక్కడ దొరుకుతాయి?" నమస్కారం ఉండదు, పేరు చెప్పడం ఉండదు. అమెరికా వాళ్ల వీడియోలు నాలుగు చూసి ఫోన్ తీస్తారు. అందుకని ముందుగా ఒక మాట. ఆస్ట్రేలియాలో బాల్ పైథాన్ పెంచడం నేరం. అది ఆఫ్రికా పాము. ఇక్కడ మనకు దొరికేవి ఈ దేశపు కొండచిలువలే, వాటికీ లైసెన్సు కావాలి. నేను పని చేసినంత కాలం పెంచింది కార్పెట్ పైథాన్లను. అయితే ఆడపామును ఎంచుకునే పద్ధతి ఏ కొండచిలువకైనా ఒకటే. దాని గురించి నాకు తెలిసింది రాస్తాను. తెలియనిది రాయను. ఈ రంగంలో అందరూ తెలియనిదే ఎక్కువ రాస్తున్నారు.

నా పేరు వసుంధర. తిరుపతిలో జువాలజీ చదివి, నెల్లూరు కాలేజీలో పాఠాలు చెప్పి, మా ఆయన ఉద్యోగం వెంట ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా ఊరికి వచ్చాను. ఇక్కడ నా డిగ్రీని ఎవరూ తిరగేసి చూడలేదు. గ్రేయమ్ అనే ఆయన ఊరి బయట పెద్ద రేకుల షెడ్డులో కొండచిలువల్ని పెంచి అమ్మేవాడు. అక్కడ డబ్బాలు కడగడానికి చేరాను. కొన్నేళ్లకు ఏ పాము ఎప్పుడు తింటుందో, ఎప్పుడు జత కట్టాలో, గుడ్లను ఎంత వేడిలో ఉంచాలో అన్నీ నేనే చూసేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రం ఆయన నన్ను "మా క్లీనర్" అనే పరిచయం చేసేవాడు. చివరి రోజున ఒక కప్పు బహుమతిగా ఇచ్చాడు. దాని మీద నాగుపాము బొమ్మ ఉంది. జీవితమంతా కొండచిలువలు పెంచిన మనిషికి నాగుపాము బొమ్మ! ఆ కప్పు ఇప్పటికీ ఉంది. తోటలో పురుగుల మందు కలపడానికి వాడుతున్నాను.

ఏ చవక మంచి చవక

మొదలుపెట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు, రంగు చూసి ఆడపామును కొనడం. రంగుకు ఖర్చు పెట్టాలనుకుంటే మగపాముకు పెట్టండి. ఒక్క మగది నాలుగైదు ఆడవాటికి సరిపోతుంది, దాని రంగు అందరి పిల్లలకూ వెళ్తుంది. ఆడదాని దగ్గర మీరు కొనేది ఒళ్లు. బాగా తినే ఒళ్లు, గుడ్లు మోయగల ఒళ్లు.

ఆడపాము చవకగా రావడానికి మూడు కారణాలుంటాయి. ఒకటి, అది చిన్నది. పెరిగి గుడ్లు పెట్టడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఎవరికీ ఓపిక ఉండదు. రెండు, అది సాదాది. గోధుమరంగు మీద నల్ల మచ్చలు, అంతే. ఈ రెండు కారణాల్లో ఏదైనా సరే, కొనండి. మూడో కారణం అమ్మేవాడు చెప్పనిది. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఈ వారంలో తీసుకెళ్లాలి" అంటాడు. "బాగా సాధువు, అస్సలు కదలదు" అంటాడు. పాము కదలకపోవడం గుణం కాదు. ఎదిగిన, అందమైన, గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఆడపామును ఎవడూ ఊరికే సగం ధరకు అమ్మడు.

వెళ్లినప్పుడు పామును చేతిలోకి తీసుకోండి. అది మిమ్మల్ని పట్టుకోవాలి. మణికట్టు చుట్టూ తిరిగి, ఒక్కో కండరమూ విడివిడిగా బిగిసి, వదలాలి. తాడులా వేలాడితే అక్కడే వదిలెయ్యండి. వెల్లకిలా తిప్పితే వెంటనే బోర్లా తిరగాలి. నోరు, ముక్కు పొడిగా ఉండాలి. మీ కళ్ల ముందు ఒక ఎలుకను తినమనండి. "నిన్ననే పెట్టానండీ" అంటే, మళ్లీ ఆకలైనప్పుడు వస్తానని చెప్పి రండి.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. దాని ముఖానికి ఎదురుగా అరచెయ్యి పెట్టండి, కాటుకు అందనంత దూరంలో. కొండచిలువ పెదవుల మీద చిన్న చిన్న గుంటలుంటాయి. వాటితో అది వేడిని చూస్తుంది. మీ అరచెయ్యి దానికి చీకట్లో దీపం. నాలుక బయటికి రావాలి, తల మీ చేతి వైపు తిరగాలి, చెయ్యి పక్కకు జరిపితే వెంట రావాలి. మిమ్మల్ని దాటి వేరే దేన్నో చూస్తుంటే ఆ ఇంట్లోంచి బయటికి నడవండి. ఇంటికొచ్చాక స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, అప్పుడు మీ పాముల దగ్గరికి వెళ్లండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానో ఇక చెప్తాను.

గ్రేయమ్ షెడ్డులో

ఆ షెడ్డులో శబ్దం ఉండేది కాదు. గోడ పొడవునా అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో పాము. చలికాలంలో కొండ అంచు మీదికి మంచు పొగ ఎక్కి వచ్చినప్పుడు కిటికీల అవతల ఏమీ కనబడేది కాదు. గుడ్ల ఋతువులో మాత్రం ఒకటుండేది. ఆడది గుడ్ల చుట్టూ చుట్టుకుని వణుకుతుంది. చలికి కాదు, ఆ వణుకుతోనే వేడి పుట్టించి గుడ్లకు ఇస్తుంది. ఒకేసారి పది పన్నెండు తల్లులు వణుకుతుంటే అరల మీద చెయ్యి పెడితే తెలిసేది. చెవికి ఏమీ వినబడదు. చెయ్యి మాత్రం సన్నగా అదురుతుంది. షెడ్డు మొత్తం ఒకే ఒళ్లు అనిపించేది.

ఒక ఏడాది గ్రేయమ్ ఎవరో వ్యాపారం మూసేస్తుంటే ఆడపాముల్ని గుంపుగా చవకగా కొన్నాడు. వ్యాన్లోంచి దింపి నేరుగా మన అరల్లోనే పెట్టమన్నాడు.

"కొన్ని నెలలు వేరే గదిలో ఉంచుదాం" అన్నాను.

"షీల్ బి రైట్, వీ" అన్నాడు, ఏం కాదులే అన్నట్టు. నా పేరు పలకలేక మొదటి రోజే నన్ను 'వీ' చేశాడు. నేను గ్రేయమ్ అని పూర్తిగా పలకడం నేర్చుకున్నాను. ఆయనకు నాలుగక్షరాలు ఎక్కువయ్యాయి.

కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం, నీళ్లు మార్చడానికి ఒక డబ్బా లాగాను. లోపల ఆడపాము మెడ వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి, మూత వైపు చూస్తోంది. పైనుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తినట్టుంది. డబ్బా బయటికి లాగినా తల దించలేదు. ఇప్పుడు పైన మూత లేదు, రేకుల కప్పు ఉంది. కప్పును చూస్తోంది. నా చెయ్యి ముందు పెట్టాను. నాలుక రాలేదు. ఆ చెయ్యి అక్కడ లేనట్టే ఉంది. నాకు తెలియకుండానే నేనూ తలెత్తి పైకి చూశాను. అక్కడ ఏమీ లేదు.

అది నరాలకు పట్టే వైరస్ జబ్బు. మందు లేదు. కొన్ని పాములు ఏ లక్షణమూ లేకుండా నెలలు మోస్తాయి, పక్కవాటికి ఇస్తాయి. ఆ వసంతంలో రోజుకో డబ్బాలో ఒక తల లేచేది. నేను తెరిచేదాన్ని, చూసేదాన్ని, మూసేదాన్ని. గ్రేయమ్ షెడ్డులోకి రావడం మానేశాడు. డాక్టర్ వచ్చి సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చాక సంచుల్లో కట్టింది నేనే. సగం షెడ్డు పోయింది.

అది కాదు నేను మరిచిపోనిది. కొనడానికొచ్చేవాళ్లు అడిగితే గ్రేయమ్ ఏం చెప్పాడో తెలుసా? "క్లీనర్ పొరపాటున హీటర్ స్విచ్ ఆపేసింది, చలికి చచ్చాయి" అన్నాడు. జబ్బు అని తెలిస్తే ఆయన దగ్గర ఎవరూ కొనరు కదా. నేను నిలదీశాను. "అంటే ఏమైంది వీ, నిన్నెవరు తిడతారు? నీ దగ్గర ఎవరూ పాములు కొనరుగా" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. పాములు పెంచేవాళ్లలో తిరిగింది, మనవాళ్లలోకీ వచ్చింది. నేను ఆ షెడ్డులో ఎన్నేళ్లు పని చేశానో అన్నేళ్లూ ఏ హీటర్ స్విచ్చూ ఆపలేదు. ఇది చదివే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను.

నా పులిహోర, పద్మజ గారి నాగమ్మ

గ్రేయమ్ దగ్గర పని చేస్తూనే మా పెరట్లో సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను. అన్నీ సాదా ఆడవి, చిన్నప్పుడు కొని పెంచినవి. ఒక్క మగపాము మాత్రం మంచిది, పసుపూ నలుపూ. పేరు శేషు. గుడ్డు చీల్చుకుని తల బయటపెట్టినప్పటి నుంచి నా చేతిలో పెరిగినవాడు.

మా ఊళ్లో తెలుగువాళ్ల కార్యక్రమాలన్నీ పద్మజ గారు నడుపుతారు. డాక్టర్ గారి భార్య. ఒక ఉగాదికి అందరం తలో వంటకం తెచ్చాం. నేను పులిహోర చేశాను. బల్ల మీద పెట్టి అటు తిరిగానో లేదో, ఆవిడ దాన్ని బల్ల చివరికి, చెత్తబుట్టల వైపుకి జరిపి పక్కావిడతో, "వసుంధర గారు చేసిందండీ. ఆవిడ చేతులు... మీకు తెలుసుగా, ఎలుకలూ అవీ..." అన్నారు. నాకు వినబడింది. గిన్నె నిండుగా ఇంటికి వచ్చింది.

వాళ్ల కోడలు స్వాతి వేరు. వరంగల్ అమ్మాయి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. మనుషుల్ని లేపి పడుకోబెట్టి నడుం పోయింది. ఉద్యోగం మానేసి, ఉన్నదంతా పెట్టి గ్యారేజీలో పాములు మొదలుపెట్టింది. నన్ను అడిగి, నేను చెప్పినట్టే కొంది. ఎదిగిన సాదా ఆడది ఒకటి, చవకగా మూడు ఆడ పిల్లపాములు. మగపాము కొనలేకపోయింది. మా వృత్తిలో మగపామును ఒక ఋతువుకు అరువిచ్చే అలవాటుంది, పుట్టిన పిల్లల్లో వాటా ఇస్తారు. నేను వెళ్లి ఆ ఆడపామును పట్టుకుని, తిప్పి, తినిపించి చూశాకే చలికాలంలో శేషును ఇచ్చాను. "ఈ గదిలోకి కొత్త పాము వస్తే ముందు నాకు చెప్పు" అన్నాను. "సరే ఆంటీ, మీకు చెప్పకుంట తేను" అంది. ఆ ఆడదానికి కడుపులో గుడ్లు పడ్డాయి. అవి పిల్లలైతే స్వాతి మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కక్కర్లేదు.

ఇక్కడ నాగుల చవితి ఆడపాములు గుడ్లు పెట్టే ఋతువులో వస్తుంది. పుట్ట ఎక్కడుంటుంది? ఇన్నేళ్లూ పద్మజ గారు వెండి పడగ మీద పాలు పోసేవారు. ఆ ఏడు ఫోన్ చేశారు.

"వసుంధర గారూ, ఈసారి మా ఇంట్లోనే చవితి. సాక్షాత్తూ నాగమ్మే వచ్చింది. మీరు కూడా రావాలి. కోడలికి నడుం నొప్పి, దాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఎవరూ లేరు."

కోడలు పెంచే పాముల్నే అలా అంటున్నారనుకున్నాను. పిలుపు నాకు కాదు, నా చేతులకు. శేషును తెచ్చుకునే రోజు కూడా కాబట్టి వెళ్లాను.

గ్యారేజీ తలుపు పైకెత్తి ఉంది. ఎండ నేల మీద సగం దాకా పడుతోంది. పట్టుచీరల్లో పది పన్నెండు మంది. పళ్లేల్లో చలిమిడి, చిమ్మిలి, పాలు, పసుపు. మధ్యలో గాజు పెట్టె. అందులో నేనెప్పుడూ చూడని పెద్ద ఆడపాము. మెడ వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి, గ్యారేజీ కప్పు మూల వైపు చూస్తోంది.

అందరి చేతులూ జోడించి ఉన్నాయి. ఆ తల చాలా నెమ్మదిగా, నీళ్లలో నాచులా, ఇటూ అటూ ఊగుతోంది.

"చూశారా?" పద్మజ గారు గొంతు తగ్గించి అన్నారు. "మొన్న ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే తెచ్చాం. కోడలు వద్దంది, ముందు మీకు చెప్పాలంది, నేనే ఆగనివ్వలేదు. నేను వెళ్లి పెట్టె ముందు నిలబడగానే ఇలా తల ఎత్తింది. అప్పట్నుంచీ దించలేదు. అన్నం లేదు, నీళ్లు లేవు. తపస్సు."

అటూ ఇటూ చూశాను. ఆ పెట్టెకు ఒక పక్క కడుపులో గుడ్లతో ఉన్న స్వాతి ఆడపాము. రెండో పక్క నా శేషు.

నా అరచెయ్యి గాజు లోపలికి పెట్టాను. ఎవరో "జాగ్రత్తండీ" అన్నారు. నాలుక రాలేదు. వెల్లకిలా తిప్పాను. తిరగలేదు. వెల్లకిలా ఉండి కూడా మెడ విరుచుకుని అదే మూల కోసం వెతుకుతోంది.

"ఆంటీ, ఎందుకట్ల చూస్తున్నరు? ఏమైంది?" స్వాతి నా పక్కకొచ్చింది.

"ఇది తపస్సు కాదు. జబ్బు. అంటుకునేది. ఈ గదిలో ఇంకేవేవి ఉన్నాయి?"

"ఇయ్యే. పిల్లలు మూడూ మీద నా బెడ్రూంల ఉన్నయి, ఇక్కడ జాగ లేక."

"వాటి దగ్గరికి ఇక వెళ్లకు. ఇప్పుడే బట్టలు మార్చుకో."

పద్మజ గారి మొహం ఎర్రబడింది. "పండగ పూట ఇదేం మాటండీ? మీకు అన్నీ రోగాల్లాగే కనిపిస్తాయి. ఎప్పుడూ ఏదో ఒకదాని మీద మీకు కోపమే."

"కోపం సంగతి తర్వాత. ఈ పాము చచ్చిపోతోంది."

"చంపడం గురించి మీరు చెప్పాలి మరి! హీటర్ ఆపేసి షెడ్డు మొత్తం పాముల్ని చంపింది మీరు కాదూ? ఊరంతా తెలుసు."

పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. స్వాతి కూడా తిరిగింది. ఆ పిల్ల కళ్లలో ఒక్క క్షణం అనుమానం చూశాను. నన్ను నమ్మితే ఆమె పెట్టిందంతా సంచిలో కట్టాలి. నమ్మకపోతే అత్తగారితో కలిసి పాలు పోయొచ్చు. ఆమె స్థానంలో ఉంటే నాకూ నమ్మకపోవడమే తేలికగా ఉండేది. వెనకాల గాజు పెట్టెలో ఆ తల మళ్లీ పైకి లేచింది.

నేను ఫోన్ తీసి అక్కడే, అందరి ముందే, గ్రేయమ్‌కు కలిపాను. ఆయన వ్యాపారం ఎప్పుడో అమ్మేసి సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయాడు. స్పీకర్లో పెట్టాను.

"హలో వీ! గుడ్నెస్, ఎన్నాళ్లైంది..."

"నా పేరు వసుంధర. ఇక్కడొక అమ్మాయి గ్యారేజీలో పాము తల ఎత్తి కప్పు వైపు చూస్తోంది, గ్రేయమ్. మన షెడ్డులో చూసినట్టే. నీ షెడ్డులో పాములు ఎలా చచ్చాయో ఈ అమ్మాయికి చెప్పు."

ఫోన్లో సముద్రపు గాలి వినబడుతోంది.

"అది పాత సంగతి కదా..."

"నువ్వు చెప్పకపోతే ఈ అమ్మాయివి అన్నీ పోతాయి. నువ్వు చెప్పినా సగం పోతాయి. చెప్పు."

తర్వాత ముసలి గొంతు, "హీటర్ కాదు, అమ్మాయీ. జబ్బు. కొత్తవాటిని వేరే పెట్టమని ఆమె చెప్పింది. నేను వినలేదు" అంది. కాస్త ఆగి, "ఇంకా చూస్తున్నాయా అవి, పైకి?" అని అడిగాడు. ఎవర్ని అడిగాడో తెలియలేదు. ఫోన్ పెట్టేశాను. ఆయన నాకు సారీ చెప్పలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

స్వాతి చెప్పులు అక్కడే విడిచి లోపలికి వెళ్లింది. స్నానం చేసి, తడి జుట్టుతో, వేరే బట్టల్లో వచ్చి గ్యారేజీ గడప బయట నిలబడింది. "అత్తయ్యా, అందర్నీ పంపించుర్రి" అంది.

ఏవి మిగిలాయి

మర్నాడు పాముల డాక్టర్ వచ్చింది. నాగమ్మను నిద్రపుచ్చింది. స్వాతి ఆడపాము ఆ వారమే గుడ్లు పెట్టి, చుట్టూ చుట్టుకుని వణకడం మొదలుపెట్టింది. అందరికీ ఆశ పుట్టింది. ఒక మధ్యాహ్నం స్వాతి ఫోన్ చేసి, "ఆంటీ, వణుకుడు బందైంది" అంది, అంతే. నేను వెళ్లేసరికి ఆ తల్లి గుడ్ల మీద చుట్ట విప్పకుండానే తల ఒక్కటి పైకెత్తి ఉంది. పద్మజ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ చేతులు అలవాటుగా జోడించబోయి, మధ్యలో ఆగి, కిందికి దిగాయి. "ఇది కూడానా?" అన్నారు. ఆ తల్లితో పాటు గుడ్లు కూడా తీసెయ్యాల్సి వచ్చింది.

మేడ మీద ఉన్న మూడు పిల్లపాములు బతికాయి. వాటి గదికి వేరే చీపురు, వేరే గిన్నెలు, వేరే చెప్పులు పెట్టించాను. మచ్చలు తప్ప ఏ అందమూ లేని, ఎవరూ కొనక చవకగా వచ్చిన చిన్నవి. వాటికి వయసు రావడానికి ఏళ్లు పట్టింది. స్వాతి మళ్లీ ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్లింది, నడుముకు పట్టీ కట్టుకుని. ఇప్పుడు వెళ్లడం లేదు. ఆ మూడే ఆమె వ్యాపారం. మీరు ఇవాళ ఆమె దగ్గర కొనే పాములు ఆ మూడింటి పిల్లలే.

అందుకే చెప్తున్నాను. చవకగా కొనేటప్పుడు చిన్నదాన్ని కొనండి, సాదాదాన్ని కొనండి. ఏళ్లు ఆగండి. కొత్తది ఎంత ఆరోగ్యంగా కనిపించినా ఇంకో గదిలో నెలల తరబడి ఉంచండి, రోజూ పాతవాటి పని పూర్తయ్యాకే దాని దగ్గరికి వెళ్లండి. ఈ ఒక్కదాంట్లో మొహమాటం పనికిరాదు. పామును చూసి దండం పెట్టాలనిపిస్తే పెట్టండి. పెట్టేముందు అరచెయ్యి చూపించండి.

శేషు

శేషును నా షెడ్డుకు తీసుకురాలేదు. పరీక్షల్లో ఏమీ కనబడలేదు. మళ్లీ చేయించాను, మళ్లీ కనబడలేదు. "బహుశా బాగానే ఉన్నాడు" అంది డాక్టర్. ఆ బహుశాను నమ్మి నా ఆడవాటి మధ్యకు ఎలా తేను? మా లాండ్రీ గదిలో పెట్టెలో పెట్టాను, ఒంటరిగా. అక్కడే ఉండిపోయాడు. షెడ్డులోని ఆడవాటిని ఒక్కొక్కటిగా మంచి చేతుల్లో పెట్టి రిటైరయ్యాను. వాడిని మాత్రం ఎవరికీ ఇవ్వలేను.

రోజూ మధ్యాహ్నం టీ తాగి ఆ గది తలుపు తీస్తాను. తీసే ముందు ఒక్క క్షణం ఆగుతాను. లోపల తల ఎలా ఉంటుందోనని. ఇంతవరకూ చుట్ట మీదే ఉంది.

మొన్న నాగుల చవితికి పద్మజ గారి నుంచి ఫోన్ వచ్చింది. చాలా కాలానికి.

"వసుంధర గారూ... మీ దగ్గరున్నవాడు... తల ఏమైనా ఎత్తాడా?"

"లేదు."

"ఒకసారి వచ్చి చూడొచ్చా? పాలు తేనులెండి. ఊరికే."

"రండి. భోజనానికి రండి. పులిహోర చేస్తాను."

వచ్చారు. నేను వడ్డించాను, ఆవిడ తిన్నారు. రెండోసారి వడ్డించాను, అదీ తిన్నారు. చేతులు కడుక్కుని లాండ్రీ గదికి వెళ్లాం. వాషింగ్ మెషీన్ పక్కన స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. కిటికీ అద్దాల మీద వాన పడుతోంది.

శేషు తల లేచింది.

చుట్ట మీది నుంచి నిదానంగా, జానెడు ఎత్తుకు. నా పక్కన పద్మజ గారి గాజులు గలగలమన్నాయి, చేతులు జోడించారని చూడకుండానే తెలిసింది. ఆవిడ ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. ఇద్దరం కోరుకునేది ఒకటి కాదు.

మూత తీసి అరచెయ్యి పెట్టాను.

నాలుక బయటికి వచ్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తల నా చేతి వైపు తిరిగింది. చెయ్యి పక్కకు జరిపాను. వెంట వచ్చింది. చెయ్యి దించాను. దిగి, వేలి చివర నాలుక తాకించి, ఎలుక కాదని తెలుసుకుని, మళ్లీ చుట్ట మీద పడుకుంది.

"అంతేనా?" అన్నారు పద్మజ గారు.

"అంతే. ఏం తెచ్చానా అని చూశాడు."

"అంటే వీడిలో ఏమీ లేదు."

"ఏమీ లేదు" అన్నాను. కళ్లు తుడుచుకోవడానికి పక్కకు తిరిగాను, ఆవిడకు కనబడకుండా.

మూత వేసి ఇటు తిరిగేసరికి ఆవిడ ఇంకా కూర్చునే ఉన్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మెడ కొద్దిగా వెనక్కి వంచి, కప్పు మూల వైపు చూస్తున్నారు. పిలిచాను. పలకలేదు. ఆవిడ ముఖం ముందు నా అరచెయ్యి పెట్టాను.

కాసేపటికి నా చేతి వైపు చూశారు. "నాగమ్మ అంతసేపు ఏం చూసిందా అని... వెళ్లొస్తానండీ" అన్నారు.

ఆవిడ వెళ్లాక నేనూ ఆ మూలకు చూశాను. అక్కడ ఏమీ లేదు. గది తలుపు వేసి చేతులు కడుక్కున్నాను.